సోలార్ల పనిచేసెటోళ్లకు యూనియన్ ఉంటదా? బొగ్గు బాయి యూనియన్లు మా దిక్కు ఎందుకు చూడయ్?

ఐటీఐ_భూపాలపల్లి
తెలిసినోళ్లు జర చెప్పుండ్రి. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్, 2021ల పాసైన. మా బాపుది బాయిల కాంట్రాక్ట్ పని, నన్ను బొగ్గుల పడనియ్యద్దని ఐటీఐ చదివిపిచ్చిండు. నిరుడు ఒక కాడ సోలార్ ప్లాంట్ కడ్తున్నరంటె పోయిన. ఊరు, కంపెనీ పేరు చెప్పను. కంపెనీ కింద కాంట్రాక్టర్, ఆయన కింద ఇంకో కాంట్రాక్టర్, ఆయన కింద మేస్త్రి, మేస్త్రి కింద మేము. ఎనిమిది నెలలు చేసిన. స్ట్రక్చర్ నిలబెట్టుడు, ప్యానళ్లు ఎక్కించుడు, కేబుల్ గుంజుడు, కనెక్టర్లు వేసుడు అన్నీ మేమే. లైన్ ఛార్జ్ చేసిన రోజు లడ్డూలు పంచిండ్రు, ఫొటోలు దిగిండ్రు, ఆ రాత్రే మేస్త్రి ఫోన్ చేసి రేపటికెళ్లి రావద్దు అన్నడు. నూట ఇరవై మందిమి ఉంటిమి, ఇప్పుడు లోపల తొమ్మిది మందే ఉన్నరు, అండ్ల నలుగురు వాచ్‌మెన్లు. ఆఖరి నెల పైసలు ఇంకా రాలె.

మొన్న మా దగ్గర బాయి గేట్ కాడ యూనియన్ మీటింగ్ అయితుంటె పోయిన. లీడర్ మస్తు మాట్లాడిండు, బొగ్గు బ్లాకులు వేలం పెట్టద్దన్నడు, సోలార్ అంటూ బాయిలు బంద్ పెడ్తరు పైలం అన్నడు. దిగినంక దగ్గరికి పోయి, అన్నా నేను సోలార్ల చేసిన, మా పైసలు రాలె అని చెప్పిన. "నువ్వు మా దాంట్ల మెంబర్‌వు కాదు గద తమ్మి" అని భుజం తట్టి బండెక్కిండు. మరి మేము ఎవల దాంట్ల మెంబర్లం?

హన్మకొండ_చాయ్
భుజం తట్టిండంటె సగం మెంబర్‌షిప్ అయినట్టే, మిగిలిన సగం చందా.

బాయిపని_రిటైర్డ్
తమ్మి నీ కోపం సమజైంది. నాది గోదావరిఖని, 34 ఏండ్లు బాయిల చేసిన, అండ్ల పదిహేనేండ్లు యూనియన్ల తిరిగిన. ఆ లీడర్‌ను వెనకేసుకొస్తలేను గని సంగతి చెప్త. మా సింగరేణిల గుర్తింపు సంఘం, అంటె మేనేజ్‌మెంట్‌తోని మాట్లాడే సంఘం, ఎన్నికలుంటయ్. పోయినసారి 2023 డిసెంబర్ 27న అయినయ్, ఏఐటీయూసీ గెలిచింది. ఓటు ఎవలకు? పర్మినెంటోళ్లకు, దగ్గర దగ్గర 40 వేల మందికి. మీ బాపు అసొంటి కాంట్రాక్ట్ కార్మికులకు ఆ ఓటు లేదు. ఓటు లేనోని ఇంటికి ఎవడొస్తడు? లాభాల వాటల కూడ అంతే, 2024ల కాంట్రాక్టోళ్లకు మొదటిసారి 5 వేలు ఇస్తేనే పండుగ చేసుకున్నరు. అదే ఏడు పర్మినెంటోళ్లకు లక్షల్ల వచ్చినయ్. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము.

ఇంకోటి. సోలార్ వస్తె బాయిలు బంద్ అనుడు నేను గూడ మైకుల విన్న, ఒకట్రెండు సార్లు నేనే అన్న, దాచుడెందుకు. నేను ఎక్కిన కొత్తల తట్ట చెమ్మస్, అంటె చేతులతోనే బొగ్గు ఎత్తుడు ఉండె, 1990ల మొదట్ల సింగరేణిల లక్ష దాటి ఉంటిమి. ఇప్పుడు 40 వేలు. మిగిలినోళ్లు ఎటు పోయిండ్రు? మిషన్లు వచ్చినయ్, ఓసీలు (పైకెళ్లి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనులు) వచ్చినయ్, అండర్‌గ్రౌండ్ బాయిలు ఒక్కొక్కటి మూతవడ్డయ్, ఓసీల మట్టి తీసుడు ప్రైవేటోళ్ల చేతికి పోయింది. అప్పుడు సోలార్ ఎక్కడిది? ఆ అరవై వేల కొలువులల్ల సూర్యుడు ఒక్కటి గూడ తీస్కపోలె.

మంచిర్యాల_మామ
కాక ఆఖరి మాట గోడ మీద రాయాలె.

సోలార్_షాపు_హన్మకొండ
నేను అవతలి దిక్కు నుంచి మాట్లాడుత, తిట్టినా సరే. నాది మిద్దెల మీద సోలార్ పెట్టే చిన్న బిజినెస్, ఆరుగురు పిల్లగాండ్లు ఉన్నరు. యూనియన్ అంటరు గని వస్తె ఏమైతది? వరంగల్ల ఆజంజాహి మిల్లు ఏమైందో మర్చిపోయిండ్రా. జెండాలు ఎక్కువైన కాడ ఫ్యాక్టరీ ఉండది. ఇప్పుడిప్పుడే ఈ లైన్ లేస్తున్నది, సెంటర్ సూర్యఘర్ స్కీం కింద 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ వస్తున్నది, జనం అడుగుతున్నరు. ఆ సబ్సిడీ కస్టమర్ ఖాతాల పడ్తది, నా ఖాతాల కాదు. కస్టమర్ అది పడ్డంక ఇస్త అంటడు, నేను పిల్లగాండ్లకు శనివారం శనివారం ఇయ్యాలె. నా బాధ ఏ యూనియన్‌కు చెప్పుకోవాలె?

పాతబస్తీ_వరంగల్
ఆజంజాహిని మధ్యల తేకు బ్రదర్. 1934ల పెట్టిన మిల్లు అది, 2002ల మూసిండ్రు. అరవై డెబ్బై ఏండ్ల మిల్లుకు కొత్త మిషన్లు పెట్టకపోతె, బయట పవర్‌లూమ్ బట్ట సగం ధరకు దొరుకుతుంటె, జెండా ఉన్నా లేకున్నా మూతవడ్తది. మా తాత అండ్లనే చేసిండు. ఆయన చేసినన్ని రోజులు క్వార్టర్, దవాఖాన, పీఎఫ్ అన్నీ ఉండె. అవి కంపెనీ మనసు కరిగి ఇచ్చినయ్ అనుకుంటున్నవా?

సోలార్_షాపు_హన్మకొండ
సరే మిల్లు వదిలేస్త. శనివారం సంగతి మాత్రం వదల.

రూట్_నంబర్_అక్క
ఎలక్ట్రిక్ బస్సుల ముచ్చట ఎవరూ తీయలేదేంది? నేను ఆర్టీసీ కండక్టర్‌ని. 2019ల 52 రోజుల సమ్మె చేసినోళ్లం, ఆ తర్వాత మాకు యూనియన్ ఎన్నికలే లేవు, వెల్ఫేర్ కమిటీలు పెట్టిండ్రు. 2025ల వరంగల్‌కు ఎలక్ట్రిక్ బస్సులు వచ్చినయ్. బస్సుకు పేరు పెట్టేటట్టు లేదు. పొగ లేదు, ఇంజన్ సప్పుడు లేదు, ఎండాకాలం ముంగట సీటు దగ్గర నిలబడితె కాళ్లు కాలయ్, సాయంత్రం ఇంటికి పోతె చెవుల గుయ్యిమనదు. గని బస్సు కంపెనీది, డ్రైవర్ కంపెనీ మనిషి, నేనొక్కదాన్నే ఆర్టీసీ. కిలోమీటర్‌కు ఇంత అని కంపెనీకి కడ్తరు. ఒకరోజు లాస్ట్ ట్రిప్పుల డ్రైవర్ పిల్లగాడు అడిగిండు, "అక్కా చెల్లె పెండ్లుంది, మీ సీసీఎస్ల మాకు లోన్ ఇస్తరా" అని. సీసీఎస్ అంటె మా ఆర్టీసీ స్టాఫ్ పొదుపు సొసైటీ. లేదు తమ్ముడు అది మా స్టాఫ్‌కే అని చెప్పిన. ఒకే బస్సుల ఇద్దరం, ముంగట ఆయన, ఎనుక నేను. ఆ రాత్రి ఇంకేం మాట్లాడలె ఆయన.

మా జేఏసీ ఎలక్ట్రిక్ బస్సులు వద్దంటలేదు, అవి ఆర్టీసీకే ఇయ్యుండ్రి, మా డ్రైవర్లు నడుపుతరు, మా మెకానిక్‌లకు ట్రైనింగ్ ఇయ్యుండ్రి అంటున్నది. పేపరోళ్లు "ఎలక్ట్రిక్ బస్సులకు కార్మికుల వ్యతిరేకత" అని రాస్తరు.

హన్మకొండ_చాయ్
అక్కా చిల్లర ఉందా అని అడుగుదామని వచ్చిన, చదివినంక నోరు రాలె.

కరెంట్_ఇంజనీర్
కొంచెం లెక్కలు మాట్లాడుకుందాం, ఎందుకంటే ఇక్కడ ఆశలు ఎక్కువ పెట్టుకుంటున్నారు అనిపిస్తోంది. రామగుండంలో ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలే సోలార్ 2022 జులైలో పూర్తయింది, సుమారు 500 ఎకరాల నీళ్ల మీద ఉంది. అదే ఊళ్లో జెన్‌కో పాత బీ స్టేషన్ 62.5 మెగావాట్లు, 1971లో మొదలై 2024లో మూతపడింది. మెగావాట్లు చూస్తే కొత్తది పెద్దది, కానీ పాత స్టేషన్‌లో బాయిలర్, టర్బైన్, కోల్ హ్యాండ్లింగ్, యాష్, వర్క్‌షాప్ అని షిఫ్టు షిఫ్టుకీ మనుషులు కావాలి. సోలార్‌లో కట్టేటప్పుడు తప్ప తర్వాత మనుషులు పెద్దగా అక్కర్లేదు. భూపాలపల్లి తమ్ముడు చెప్పిన నూట ఇరవై, తొమ్మిది లెక్క ఎక్కడైనా అటూ ఇటుగా అంతే. కాబట్టి "ఒక బాయి మూస్తే దాని పక్కన సోలార్ పెడతాం, అందరికీ అక్కడే ఉద్యోగాలు" అని ఏ నాయకుడు చెప్పినా నమ్మొద్దు.

కానీ ఒకటి గుర్తు చేస్తాను. కరెంటు సంస్థల్లో కాంట్రాక్టర్ల కింద ఏళ్ల తరబడి చేసినవాళ్లు 20 వేల పైచిలుకు మంది 2017లో ఆర్టిజన్లుగా లోపలికి వచ్చారు. పూర్తి న్యాయం అయిందని వాళ్లూ అనరు, ఇంకా కన్వర్షన్ (రెగ్యులర్ ఉద్యోగులుగా మార్చడం) కోసం కొట్లాడుతున్నారు. అయినా మధ్యలో ఉన్న కాంట్రాక్టర్ పోయాడు, జీతం నేరుగా సంస్థ ఇస్తోంది. యూనియన్ల కొట్లాట లేకుండా అది వచ్చేది కాదు.

ఐటీఐ_భూపాలపల్లి
సార్ ఆర్టిజన్లది సర్కార్ సంస్థ. మాది ప్రైవేట్. ఎవర్ని అడగాలె?

కరెంట్_ఇంజనీర్
అదే చిక్కు. ఈ ప్లాంట్లు చాలావరకు 25 ఏళ్ల ఒప్పందం మీద కరెంటు అమ్మే ప్రైవేట్ కంపెనీలవి. యూనిట్ రేటు తక్కువ కోట్ చేసినవాడికే టెండర్. ఆ తగ్గించింది ఎక్కడో ఒకచోట కొట్టాలి కదా, ప్యానల్ ధరలో కొట్టలేడు, బ్యాంకు వడ్డీలో కొట్టలేడు. ఇక మిగిలేది మీరే.

కేయూ_ఎంఏ
బయట దేశాలల్ల దీనికి జస్ట్ ట్రాన్సిషన్ అంటరు, అంటె బొగ్గు కాడికెళ్లి మారేటప్పుడు కార్మికులు రోడ్డున పడకుండ చూసుడు. 2015 పారిస్ వాతావరణ ఒప్పందం ముందుమాటలనే కార్మికుల గురించి ఉంది, అంతర్జాతీయ కార్మిక సంఘాలు కొట్లాడి పెట్టించినయ్. స్పెయిన్ల 2018ల బొగ్గు గనులు మూసేముందు సర్కారు యూనియన్లతోని కూసోని సంతకాలు చేసింది, 48 ఏండ్లు దాటినోళ్లకు ముందస్తు పెన్షన్, చిన్నోళ్లకు మళ్ల ట్రైనింగ్, గని ప్రాంతాలను బాగుచేసే పనులల్ల వాళ్లకే ముందు ఛాన్స్, మొత్తం 25 కోట్ల యూరోలు. అమెరికాల 2022 చట్టంల అయితె కార్మికులకు ఆ ప్రాంతం కూలి రేటు ఇచ్చి, అప్రెంటిస్‌లను పెట్టుకున్న సోలార్ కంపెనీకి పన్ను రాయితీ ఐదు రెట్లు ఎక్కువ పెట్టిండ్రు. ఆ చట్టాన్ని తర్వాత మస్తు కత్తిరించిండ్రనుకో. కానీ పాయింట్ ఏందంటె రాయితీ ఇచ్చేటప్పుడే షరతు పెట్టొచ్చు.

మంచిర్యాల_మామ
తమ్మి స్పెయిన్ మనకు ఏ రూట్ల వస్తది, బెల్లంపల్లి మీదికెళ్లా?

బాయిపని_రిటైర్డ్
నవ్వకు మామ, పిల్లగాడు మంచి మాటే చెప్పిండు. కాకపోతె అక్కడ మూసిన గనులల్ల ఉన్నది వెయ్యి మంది లెక్క. మనకాడ ఒక్క ఏరియాల అంతకు ఎన్నో రెట్లు ఉంటరు, దానికి రెండింతలు వాళ్ల మీద బతికెటోళ్లు, చాయ్ బండి కాడికెళ్లి బడి బస్సు దాక. మన పద్ధతి వేరే ఉంటది. మెడికల్ అన్‌ఫిట్ అయినోని కొడుక్కు కారుణ్య నియామకం అని కొట్లాడి తెచ్చుకున్నం. ఇప్పుడు సింగరేణి సొంతంగనే 200 మెగావాట్ల పైన సోలార్ పెట్టింది. మరి ఆ ప్లాంట్లల్ల పనికి మా కాంట్రాక్టోళ్ల పిల్లలను, ఐటీఐ చేసినోళ్లను ట్రైనింగ్ ఇచ్చి తీసుకోండి అని ఏ డిమాండ్ పత్రంల అన్న రాసిండ్రా? నేను ఉన్నప్పుడైతె రాయలె. మాకు మతికే రాలె. సోలార్ అంటె కంపెనీ ఫొటోల కోసం పెట్టుకున్నది అనుకున్నం.

సోలార్_షాపు_హన్మకొండ
గిది పనికొచ్చే మాట. నాకు ట్రైనింగ్ అయిన పిల్లగాడు దొరకడు. వచ్చినోడు రెండు నెలలల్ల నేర్చుకొని వేరే షాపుకు పోతడు. బెల్టు కొనిచ్చిన, మిద్దె అంచుకు బెల్టు పెట్టుకోరా అంటె "అన్నా అది పెట్టుకుంటె చేయి ఆడది" అంటడు.

ఐటీఐ_భూపాలపల్లి
బెల్టు కాదు అన్న అసలు భయం, డీసీ, ప్యానల్‌కెళ్లి వచ్చే కరెంట్. మెయిన్ ఆఫ్ చేస్తె ఇంట్ల కరెంట్ పోతది గని ప్యానల్ ఆగది, ఎండ ఉన్నంతసేపు అది కరెంట్ తీస్తనే ఉంటది. మాతోని చేసిన ఒక పోరడు లోడ్ మీద కనెక్టర్ గుంజిండు, ఆర్క్ లేసి చెయ్యి కాలింది, అరచేతి తోలు గ్లౌజులెక్క ఊడొచ్చింది. గ్లౌజులు ముగ్గురికి ఒక జత ఉండె. దవాఖానల "ఇంట్ల స్టవ్ కాడ కాలింది" అని చెప్పమన్నడు మేస్త్రి.

సోలార్_షాపు_హన్మకొండ
ఇది తప్పు తమ్మి. ఇసొంటియి చేసినోళ్ల వల్లనే మా అందరి పేరు ఖరాబ్. నా కాడ ఆరుగురికి ఆరు జతలున్నయ్, వచ్చి చూసుకో.

పొద్దుగాల_మాపు
నేను చెప్తుంటె నా బిడ్డ ఫోన్ల టైప్ కొడుతున్నది. నేను సోలార్ అద్దాలు కడుగుత. పదకొండు మంది ఆడోళ్లం. పొద్దుగాల ఐదింటికి పోవాలె, ఎండెక్కినంక వేడి అద్దం మీద సల్లని నీళ్లు పడితె పగుల్తది అంటరు. ఒక్కొక్కరం వరుసలు వరుసలు కడుగుతం, పొడుగు కర్రకు మాపు, భుజం గుంజుతది. బుగ్గతోని గోకాలె కాకి రెట్ట. మా దిక్కు బొగ్గు లారీలు తిరుగుతయ్, కడిగిన మూడోనాడుకు నల్లగ అయితయ్. నీడకు చెట్టు లేదు, అన్నీ కొట్టేసిండ్రు, దొడ్డికి పోదామంటె చాటు లేదు. రెండు నెలలు ఓపిక పట్టినం. ఒకరోజు అందరం మాపులు గేటు కాడ పెట్టి కూసున్నం. యూనియన్ లేదు ఏం లేదు, మా పొదుపు సంఘంల లెక్కలు రాసే పిల్ల ఒక్కతె మాట్లాడింది. సూపర్‌వైజర్ ఫోను సూసుకుంట ఉరికొచ్చిండు, కరెంటు తక్కువ వస్తున్నదని పైనుంచి అడుగుతున్నరంట. నాలుగు రోజులు గట్లనే ఉన్నం. రేకుల షెడ్డు ఏసిండ్రు, లెట్రిన్ కట్టిండ్రు, పైసలు ఐదో తారీకు లోపల ఇస్తున్నరు. కూలి మాత్రం పెంచలె.

రూట్_నంబర్_అక్క
"బుగ్గతోని" ఏందక్కా, గుడ్డ పేలికనా?

పొద్దుగాల_మాపు
బిడ్డ తప్పు కొట్టింది, బ్రష్షుతోని.

బాయిపని_రిటైర్డ్
చెల్లె నీకు దండం. మేము బాయిల పంపు ఆపితె నీళ్లు నిండుతయ్ అని మేనేజ్‌మెంట్ ఉరికొచ్చేది, మీరు మాపు ఆపితె ఉరికొచ్చిండ్రు. ఎక్కడ పట్టుకుంటె కదుల్తరో మీకు ఎవలూ చెప్పకుండనే దొరికింది.

పెద్దపల్లి_రైతుబిడ్డ
నాదొక డౌట్. పర్యావరణం యూనియన్ల పనేనా? వాళ్లకు జీతం, బోనస్, క్వార్టర్. ఓసీ బ్లాస్టింగ్‌కు మా ఊళ్ల గోడలు పగులుతుంటె ఏ యూనియనోడు రాలె, ఎందుకంటె ఓసీ నడిస్తెనే వాళ్లకు జీతం.

బాయిపని_రిటైర్డ్
నిజమే, రాలె. ఆ మాట మేము పడాలె. గని దుమ్ము మొదలు పోయింది మా ఊపిరితిత్తులల్లకే. రోడ్ల మీద నీళ్లు కొట్టాలె అని కొట్లాడినం, అది లారీ డ్రైవర్‌కు రోడ్డు కనవడాలెనని అడిగిండ్రో మీ ఊరి కోసం అడిగిండ్రో, నీళ్లయితె పడ్డయ్ గద.

పెద్దపల్లి_రైతుబిడ్డ
పొద్దున కొట్టి ఫొటో దిగేటియి కదా కాక ఆ నీళ్లు.

కేయూ_ఎంఏ
ఎండ సంగతి కూడ చూడుండ్రి. 2025ల మన రాష్ట్రంల వడగాడ్పును విపత్తు లెక్కల కలిపిండ్రు, వడదెబ్బతోని పోతె 4 లక్షలు. పోయినంక ఇచ్చే పైసలు అవి. గుజరాత్ల సేవ అని ఆడోళ్ల యూనియన్ ఉంది, 1972ల అహ్మదాబాద్ల పుట్టింది. ఎండ ఒక హద్దు దాటితె పనికి పోకున్నా కూలి నష్టం కింద కొంత వచ్చే ఇన్సూరెన్స్ వాళ్ల మెంబర్లకు పెట్టిచ్చిండ్రు. కచ్ ఉప్పు మడుల కాడ డీజిల్ పంపులు తీసి సోలార్ పంపులు పెట్టుడు కూడ వాళ్లే చేసిండ్రు. బాయిల పర్మినెంట్ ఉంటెనే యూనియన్ అనుకునే మనకు అది కొత్తగ అనిపిస్తది, అండ్ల ఒక్కరికి కూడ పర్మినెంట్ నౌకరి లేదు.

మంచిర్యాల_మామ
మా మిద్దె మీద 3 కిలోవాట్లు పెట్టిన. కోతులు వచ్చి ప్యానల్ మీద జారుడుబండ ఆడుతున్నయ్. వాటికి యూనియన్ ఉంది, ఒకదాన్ని కొడితె నలభై వస్తయ్.

కోర్టు_గుమస్తా
ఇందాకటి నుంచి చదువుతున్నా. భూపాలపల్లి తమ్ముడు, నీ పనికొచ్చేవి చెప్తా. కాంట్రాక్టర్ కూలి ఇవ్వకపోతే అసలు యజమాని, అంటే ప్లాంట్ కంపెనీ, కట్టాల్సిందే. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉన్నదే, కొత్త లేబర్ కోడ్‌లలో కూడా ఉంది. కాబట్టి మేస్త్రి చుట్టూ తిరగకు, కార్మిక శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా కంపెనీ పేరు మీద ఇవ్వు. హాజరు రాసుకున్న చిట్టీలు, గేట్ పాస్, ఫోన్‌పేలో వచ్చిన పైసలు, వాట్సాప్ గ్రూప్‌లో మేస్త్రి పెట్టిన మెసేజ్‌లు అన్నీ దాచి పెట్టుకో, గ్రూప్‌లోంచి తీసేసే ముందే. పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. లేబర్ కార్డు ఉందా? ఏడాదిలో 90 రోజులు కట్టుబడి పని చేసి ఉంటే తీసుకోవచ్చు. ఇండ్లు కట్టేవాళ్లకే అనుకుంటారు, కరెంటు ఉత్పత్తికి సంబంధించిన నిర్మాణం పని కూడా అందులో ఉంది.

యూనియన్ సంగతి: రిజిస్టర్ చేయడానికి కనీసం ఏడుగురు, అలాగే పనిచేసేవాళ్లలో పది శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అది. నూట ఇరవైలో పది శాతం అంటే పన్నెండు మంది.

కరెంట్_ఇంజనీర్
కానీ వాళ్ల పని అయిపోయింది కదా. ఇప్పుడు ఆ ప్లాంట్‌లో ఉన్నది తొమ్మిది మందే.

కోర్టు_గుమస్తా
అందుకే ప్లాంట్ పేరుతో పెట్టొద్దు, జిల్లాలో సోలార్ పని చేసేవాళ్లందరి పేరుతో పెట్టాలి. కట్టుబడి మేస్త్రీల సంఘాలు అలాగే నడుస్తాయి. ఈ నెల ఇక్కడ, వచ్చే నెల ఇంకోచోట, సంఘం మాత్రం అదే. రాష్ట్రం కొత్త పాలసీలో 2030 కల్లా ఇంకో 20 వేల మెగావాట్లు అంటున్నారు, మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సోలార్ అంటున్నారు. పని ఒక్క ఊళ్లో ఆగదు, మనుషులు తిరుగుతూనే ఉంటారు.

సోలార్_షాపు_హన్మకొండ
అట్లయితె రేటు కూడ ఒకటే పెట్టుండ్రి, జిల్లా మొత్తానికి. పక్క షాపోడు తక్కువ కూలి ఇచ్చి నా కస్టమర్‌ను గుంజుకుంటున్నడు. అందరికీ ఒకటే రేటు అంటె నాకే మంచిది.

పాతబస్తీ_వరంగల్
జెండాలు వద్దన్న మనిషే రేట్ కార్డ్ అడుగుతున్నడు 😄

సోలార్_షాపు_హన్మకొండ
జెండా నా షాపు మీద కట్టకుండ్రి అంతే.

ఐటీఐ_భూపాలపల్లి
గుమస్తా సార్ చెప్పినట్టు పీఎఫ్ చూసిన. ఎనిమిది నెలలు చేస్తె మూడు నెలలే పడ్డయ్. కంపెనీ పేరు కాడ నేను ఎన్నడూ వినని పేరుంది, అడ్రస్ వేరే రాష్ట్రంది. స్క్రీన్‌షాట్ పెట్టాల్నా?

కోర్టు_గుమస్తా
ఇక్కడ పెట్టకు! నీ నంబర్లు అన్నీ కనపడతాయి. ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో. మిగతా వాళ్లను కూడా చూసుకోమను. నీ ఒక్కడిది అయితే కాగితం, పది మందివి కలిస్తే కేసు.

బాయిపని_రిటైర్డ్
తమ్మి నేను వస్త. భుజం తట్టి బండెక్కినోళ్లల్ల ఒక్కన్నన్న వెంట తెస్త, ఆఫీసుల మాట్లాడుడు వాళ్లకు అలవాటు. మెంబర్ గాదు అంటె నేను జవాబు చెప్త. చెల్లె, నీ సంఘంల లెక్కలు రాసే పిల్లను కూడ పంపుతవా?

పొద్దుగాల_మాపు
ఆదివారమైతె వస్తది. నేనూ వస్త. కడుగుడు ఎనిమిదింటికి అయిపోతది.

ఐటీఐ_భూపాలపల్లి
ఫోన్లు చేసుడు షురూ చేసిన. సగం మంది వేరే రాష్ట్రంల సైట్ల మీద ఉన్నరు, మళ్ల అదే మేస్త్రి కింద ముగ్గురు. ఇప్పటిదాక పదకొండు మంది వస్తమన్నరు. పన్నెండోడు మేస్త్రి బామ్మర్ది, వానికి కూడ ఆఖరి నెల పైసలు రాలెనట, వస్తడో రాడో.

హన్మకొండ_చాయ్
వాడు రాకపోతె నన్ను పన్నెండోన్ని రాసుకో, చాయ్ పోస్త.

కోర్టు_గుమస్తా
సోలార్ పని చేసినవాడే ఉండాలి.

మంచిర్యాల_మామ
మరి నేను? రోజూ ప్యానళ్ల మీదికెళ్లి కోతులను కొడుతున్న.

ఐటీఐ_భూపాలపల్లి
మామ నువ్వు కర్ర పట్టుకొని రా, బామ్మర్దిని తోలుకరావాలె. ఆదివారం పది గంటలకు, అంబేద్కర్ సెంటర్ కాడ.